ఇలోమంత్సిలో నా తొలి ఓటు

ఫిన్లాండ్ పౌరసత్వం నాకు లేదు. చేతిలో ఉన్నది మన ముదురు నీలం పాస్‌పోర్టే. అయినా 2025 ఏప్రిల్ 13న, ఆదివారం నాడు, ఇక్కడి స్థానిక ఎన్నికల్లో ఓటేశాను. ఈ సంగతి చెబితే హెల్సింకీ వైపు ఐటీ ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లే కొందరు నమ్మలేదు. "మనకు ఓటేంటక్కా, మనం టాక్స్ కట్టడానికే కదా వచ్చింది" అన్నాడు తెలిసిన తమ్ముడొకడు. తీరా అడిగితే అతనికీ ఓటుంది. ఇంటికొచ్చిన కాగితం ఫిన్నిష్‌లో ఉందని చదవకుండానే పక్కన పడేశాడట.

రూలు పెద్ద చిక్కుది కాదు. పార్లమెంటుకు, దేశాధ్యక్ష పదవికి జరిగే ఎన్నికల్లో పౌరులే ఓటేయాలి. స్థానిక ఎన్నికల దగ్గరికొచ్చేసరికి పౌరసత్వం అడగరు, నివాసం అడుగుతారు. యూరోపియన్ యూనియన్‌కు బయటి దేశాల వాళ్లమైతే, పోలింగ్‌కు 51 రోజుల ముందు నాటికి ఫిన్లాండ్‌లో వరుసగా రెండేళ్లు ఏదో ఒక కుంతాలో నివాసిగా నమోదై ఉండాలి, పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. అంతే. కుంతా అంటే ఇక్కడి స్థానిక పాలనా విభాగం. మన పంచాయతీకీ మండలానికీ మునిసిపాలిటీకీ మధ్య ఎక్కడో ఉంటుంది, సరిగ్గా దేనికీ సరిపోదు. దేశం మొత్తంలో అలాంటివి మూడు వందలకు పైగా ఉన్నాయి. నేనుండేది ఇలోమంత్సి కుంతాలో.

మ్యాపులో ఫిన్లాండ్ తూర్పు చివర ఎక్కడుందో వెతికితే దొరికేది ఇదే. యూరోపియన్ యూనియన్ ప్రధాన భూభాగానికి కూడా తూర్పు చివర ఇక్కడే, విర్మాయార్వి అనే సరస్సులో. అవతల రష్యా. సరిహద్దు వెంట కొంత మేర పర్మిట్ లేకుండా అడుగు పెట్టకూడదు. దగ్గరి పట్నం యోఎన్సూ, 74వ నంబరు రోడ్డు మీద డెబ్బై కిలోమీటర్ల ప్రయాణం. రైలు పట్టాలున్నాయి గానీ వాటి మీద దుంగలు పోతాయి, మనుషులు పోరు. విస్తీర్ణం మూడు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఇంచుమించు మా ఎన్టీఆర్ జిల్లా అంత. మా జిల్లాలో ఇరవై లక్షలకు పైగా జనం. ఇక్కడ నాలుగున్నర వేలకు కాస్త అటూ ఇటూ. మిగతాదంతా అడవి, చిత్తడి నేల, సరస్సులు. ఆ అడవిలో ఎలుగుబంట్లు, తోడేళ్లు కూడా ఉన్నాయి. అమ్మకు ఆ ముక్క మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

మాది మైలవరం దగ్గర పల్లెటూరు. విజయవాడలో నర్సింగ్ చదివి, కొన్నాళ్లు అక్కడే చేసి, 2022 చివర్లో ఇక్కడి కేర్ హోమ్‌లో పనికి వచ్చాను. అన్ని వేల కిలోమీటర్ల దూరం నుంచి నర్సులను ఎందుకు పిలిపించుకుంటున్నారో అనుకునేదాన్ని. ఊళ్లో నాలుగు రోజులు తిరిగాక అడగాల్సిన అవసరం లేకపోయింది. ఒకప్పుడు ఇక్కడ పది వేలకు పైగా జనం ఉండేవారు. చెట్లు కొట్టడం, దుంగలను నదుల్లో తేల్చి కిందికి పంపడం, అంతా మనుషుల చేతుల మీదే నడిచిన కాలమది. యంత్రాలు వచ్చాక ఒక్కడు కేబిన్‌లో కూర్చుని పదిమంది పని చేసేస్తున్నాడు. 1960, 70ల్లో కుర్రకారు దక్షిణాది పట్నాలకూ స్వీడన్ ఫ్యాక్టరీలకూ వెళ్లిపోయింది. వెళ్లినవాళ్లు వేసవి సెలవులకు వస్తారు. ఉండిపోయినవాళ్లలో చాలామంది ఇప్పుడు మా కేర్ హోమ్‌లో ఉన్నారు, లేదా రేపో మాపో వస్తారు.

ఓటు సంగతికి వస్తాను. ఇక్కడ అది ఓటరు కార్డుతో మొదలవదు, జనాభా రిజిస్టరుతో మొదలవుతుంది. ఓటరుగా విడిగా పేరు రాయించుకునే పనే లేదు. ఫారాలు నింపడం, బీఎల్ఓ ఇంటికి రావడం, తీరా పోలింగ్ నాడు జాబితాలో పేరు గల్లంతైందని గొడవ పడటం, ఇవేవీ ఉండవు. దేశంలో స్థిరంగా ఉంటున్న ప్రతి మనిషి చిరునామా, కుంతా ఒకే రిజిస్టరులో ఉంటాయి. ఇల్లు మారితే వారం లోగా తెలియజేయాలి. ఎన్నికలొచ్చినప్పుడు ఆ రిజిస్టరులో నుంచే ఓటర్ల జాబితా తీస్తారు.

అందుకే విదేశం నుంచి వచ్చినవాళ్లు చూసుకోవాల్సింది ఒక్కటే, కుంతా నివాసిగా ఏ తేదీ నుంచి తమ పేరు ఎక్కిందో. విమానం దిగిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ లెక్కలోకి రావు. ఈసారి ఆ 51వ రోజు ఫిబ్రవరి 21న పడింది. నా పేరు 2023 జనవరిలో ఎక్కింది కాబట్టి సరిపోయింది. నాతో పని చేసే కేరళ అమ్మాయి నా తర్వాత రెండు నెలలకు వచ్చింది. కొద్ది రోజుల తేడాతో ఆమెకు ఓటు రాలేదు. మళ్లీ ఈ ఎన్నికలు 2029లోనే. పాపం చాలా బాధపడింది, ఎందుకంటే ఆమె మాకంటే ఎక్కువ రాజకీయాలు మాట్లాడుతుంది. మలయాళీలతో ఆ పోటీలో మనం గెలవలేం.

రిజిస్టరులో పేరెక్కించుకోవడంలో నాకు కాస్త టెన్షన్ తప్పలేదు. మన పాస్‌పోర్టుల తీరు తెలిసిందే కదా, ఇంటిపేరు, నాన్న పేరు, మన పేరు ఏ గడిలో ఏది పడుతుందో దేవుడికెరుక. కౌంటర్లో ఉన్నామె ఓపిగ్గా విని, చివరికి పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే ఎక్కించింది. అప్పటి నుంచి ఈ దేశం మొత్తానికీ మా తాతగారి ఇంటిపేరు నా మొదటి పేరు. ఆసుపత్రిలో, బ్యాంకులో, లైబ్రరీలో అందరూ నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తారు. అలవాటైపోయింది.

మార్చి నెలలో నోటీసు వచ్చింది. కొందరికి పోస్టులో వస్తుంది. సువోమి డాట్ ఎఫ్ఐ అనే ప్రభుత్వ పోర్టల్‌లో మెసేజీలు పెట్టుకున్నవాళ్లకు అక్కడికే వస్తుంది. ఒకే కాగితంలో రెండు ఎన్నికలు. ఒకటి కుంతా కౌన్సిల్‌కి, రెండోది ప్రాంతీయ సంక్షేమ కౌన్సిల్‌కి. ఈ రెండోది కొత్త ఏర్పాటు. 2023 జనవరి 1 వరకూ ఆరోగ్యం, వృద్ధుల సంరక్షణ, అగ్నిమాపక సేవలు చూడటం కుంతాల బాధ్యతే, చాలాచోట్ల నాలుగైదు కలిసి చేసుకునేవి. ఆ రోజు నుంచి వాటిని తీసేసి, దేశంలో పెట్టిన 21 సంక్షేమ ప్రాంతాలకు అప్పగించారు. హెల్సింకీది మాత్రం వేరే లెక్క. మా ఉత్తర కరేలియా ప్రాంతపు సంస్థ పేరు సివున్ సొతే.

మరి కుంతాకు ఏం మిగిలింది? నేనూ అదే అడిగాను. బడులు, పిల్లల డే కేర్, లైబ్రరీ, నీళ్లు, ఊరి లోపలి వీధులు, ఆటస్థలాలు, చలికాలంలో స్కీయింగ్ దారులు చదును చేసి ఉంచడం, ఎక్కడ ఏం కట్టుకోవచ్చో నిర్ణయించడం. 2025 జనవరి నుంచి ఉద్యోగాలు వెతికిపెట్టే సేవలు కూడా కుంతాలకే ఇచ్చారు. దానికి కనీసం 20,000 మంది శ్రామిక జనాభా ఉండాలి కాబట్టి చిన్నవన్నీ పక్కవాటితో జత కట్టాల్సిందే. ఇన్ని పనులకు డబ్బు ఎక్కడిదంటే, మన జీతాల్లో కోసే ఆదాయ పన్నులో కుంతా వాటా ఒకటుంది. దాని శాతం ఎంతో కుంతా కౌన్సిలే నిర్ణయిస్తుంది. పైనుంచి ప్రభుత్వం ఇచ్చే సొమ్ము కూడా చాలావరకు జనాభాను బట్టి, వాళ్ల వయసులను బట్టి వస్తుంది. ఈ లెక్క తెలిశాక, నేను వచ్చిన కొత్తలో దుకాణంలోనూ బస్టాపులోనూ "ఉంటారా, వెళ్లిపోతారా" అని అందరూ ఎందుకు అడిగేవారో బోధపడింది. నేను మర్యాద కోసం అనుకున్నాను. వాళ్లు నిజంగానే లెక్క వేసుకుంటున్నారు.

సర్పంచ్‌లాంటి పదవి ఇక్కడ ఉండదు. జనం కౌన్సిల్‌ను ఎన్నుకుంటారు, ఆ కౌన్సిల్ ఒక మేనేజర్‌ను ఉద్యోగంలో పెట్టుకుంటుంది. కౌన్సిల్ సభ్యులకు జీతం ఉండదు, మీటింగ్‌కు ఇంత అని భత్యం ఇస్తారు, పగలు ఎవరి ఉద్యోగం వాళ్లది. 5,000 లోపు జనం ఉన్న కుంతాలో చట్టం ప్రకారం కనీసం 13 మంది సభ్యులుండాలి, సంఖ్య ఎప్పుడూ బేసిగా ఉండాలి. అంటే నా లాంటి దాని ఓటుకు మంచి బరువుందన్నమాట. పెద్ద నగరంలో వందలు, వేలు రావాల్సిన చోట, ఇలాంటి ఊళ్లో కొన్ని పదుల ఓట్లతో సీటు దొరుకుతుంది. ఇద్దరికి సమానంగా వస్తే చీటీలు తీస్తారు.

ఊరు ఇంత దూరాన, ఇంత ఖాళీగా ఉన్నా దీనికి చాలా పాత చరిత్ర ఉంది. 1500 నాటి నోవ్‌గొరోద్ పన్ను లెక్కల పుస్తకంలోనే ఇలోమంత్సి పేరుంది. అప్పట్లో ఇది రష్యా వైపు ఆర్థడాక్స్ క్రైస్తవుల ప్రాంతం. 1617లో స్తోల్బోవో సంధితో స్వీడన్ చేతికి వచ్చింది. కొత్త పాలకులది లూథరన్ మతం. చాలామంది ఆర్థడాక్స్ కుటుంబాలు రష్యా లోపలికి, త్వేర్ వైపు వెళ్లిపోయాయి. మిగిలినవాళ్లు మిగిలారు. అందుకే ఈ చిన్న ఊళ్లో ఇవాళ్టికీ రెండు రకాల చర్చిలూ ఉన్నాయి. లూథరన్లది 1796లో కట్టిన చెక్క చర్చి. లోపల గోడల మీద, పైకప్పు మీద దేవదూతల బొమ్మలు గీసి ఉండటంతో వంద దేవదూతల చర్చి అంటారు. ఆర్థడాక్స్ వాళ్లది 1892 నాటి ఎలియా ప్రవక్త చర్చి, అదీ చెక్కదే. జులై 20న ఎలియా పండుగకు బయటి ఊళ్ల నుంచి కూడా జనం వస్తారు. మన జాతర సందడితో పోల్చలేం గానీ ఈ ఊరికి అదే పెద్ద సందడి.

పాటల ఊరు కూడా. మాతెలి కుయివలతార్ అనే పల్లె గాయని 1771 నుంచి 1846 వరకూ ఈ ప్రాంతంలోనే బతికింది. కాలెవలా ఇతిహాసాన్ని కూర్చిన ఎలియాస్ లోన్‌రోత్ 1838లో ఆమె దగ్గర కూర్చుని పాటలు రాసుకున్నాడు. అతను 1840లో తెచ్చిన జానపద పాటల సంపుటం కాంతెలెతార్‌లో ఆమె పాటలు చాలా ఉన్నాయి. చదువు రాని ఆడమనిషి నోట ఉన్న పాట దేశ సాహిత్యంలోకి ఎక్కిందంటే నాకు ముచ్చటేసింది. మా అమ్మమ్మకు కూడా నాట్ల పాటలు ఎన్నో వచ్చు, ఎవరూ రాసుకోలేదు.

ఇవన్నీ నాకు పుస్తకాల వల్ల కంటే కేర్ హోమ్‌లోని పెద్దవాళ్ల వల్ల ఎక్కువ తెలిశాయి. ఇక్కడ తొంభై ఏళ్ల ఆవిడనైనా పేరు పెట్టే పిలవాలి, అదే పద్ధతి. నేను పైకి పేరు పెట్టి పిలుస్తాను, మనసులో మాత్రం మామ్మగారూ అనే అనుకుంటాను. ఎవరి వివరాలూ రాయను, రాయకూడదు కూడా. కానీ ఆ వయసు వాళ్లందరి కథలోనూ యుద్ధం ఉంటుంది. 1939 నవంబరు 30న సోవియట్ దాడి మొదలైనప్పుడు సరిహద్దు పల్లెల వాళ్లు ఉన్నపళంగా ఇళ్లు వదిలి, పశువులను తోలుకుంటూ మంచులో బయల్దేరారు. 1944 జులై చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా ఇలోమంత్సి అడవుల్లోనే పెద్ద యుద్ధం జరిగింది. జనరల్ రాప్పానా సేనలు రెండు సోవియట్ డివిజన్లను చుట్టుముట్టి వెనక్కి కొట్టాయి. అయినా యుద్ధం ముగిశాక ఈ తూర్పు సరిహద్దు ప్రాంతమైన కరేలియాలో చాలా భాగం సోవియట్ చేతికి పోయింది, ఈ ఊరి తూర్పు పల్లెలు కొన్ని కూడా అందులోకే పోయాయి. మొత్తం మీద నాలుగు లక్షల మందికి పైగా కరేలియన్లు ఇళ్లు పోగొట్టుకుని, మిగిలిన ఫిన్లాండ్‌లో మళ్లీ మొదటి నుంచి బతుకు మొదలుపెట్టారు. ఇప్పుడు సరిహద్దు మళ్లీ మూసేశారు. 2023 డిసెంబరు నుంచి తూర్పున రోడ్డు దారులన్నీ బంద్. టీవీలో ఆ వార్త వచ్చినప్పుడు భోజనాల గదిలో పెద్దగా చర్చేమీ జరగలేదు. ఒకావిడ మాత్రం సౌండు తగ్గించమంది.

మార్చి చివరికి ప్రచారం మొదలైంది. ప్రచారమంటే మైకులు, ఆటోలు, ఫ్లెక్సీలు ఊహించుకోకండి. వీధి పక్కన ఇనుప చట్రాలు పెట్టి, వాటి మీద అభ్యర్థుల ఫోటోలు, నంబర్లు అతికించారు. నంబర్లు 2 నుంచి మొదలవుతాయి, దేశమంతటా అంతే, 1 ఎవరికీ ఇవ్వరు. శనివారం నాడు సూపర్ మార్కెట్ ముందు మడత బల్లలు వేసుకుని ఒక్కో పార్టీ వాళ్లు నిలబడ్డారు. ఒకరు కాఫీ పోశారు, ఇంకొకరు సాసేజ్ కాల్చి ఇచ్చారు, మరొకరి దగ్గర బఠాణీ సూప్. నేల మీద మంచు సగం కరిగి, చలికాలమంతా జారకుండా చల్లిన కంకర పైకి తేలి, నడుస్తుంటే కరకరమంటోంది. అభ్యర్థుల్లో సగం మంది నాకు ముఖ పరిచయస్తులే. ఒకాయన బస్సు నడుపుతాడు. ఒకావిడ బడిలో టీచర్. ఇంకొకరు మా కేర్ హోమ్‌లోనే నాతో షిఫ్టులు చేసే ఆమె.

అమ్మకు వీడియో కాల్‌లో ఇదంతా చూపించాను. "ఓటుకు ఎంతిస్తున్నారే అక్కడ?" అని మొదటి ప్రశ్న. కాఫీ ఇచ్చారన్నాను. "ఒక్క కాఫీతో సరిపెట్టారా?" అని నవ్వు. పక్కనుంచి నాన్న, "మరి తీసుకున్నాక ఆ పార్టీకే వెయ్యాలిగా" అన్నారు. మూడు పార్టీల దగ్గరా తాగానని చెప్పాను.

ఎవరికి వెయ్యాలో తేల్చుకోవడమే అసలు పని. ఇక్కడ యూలె అనే ప్రభుత్వ టీవీ, కొన్ని పత్రికలు ఎన్నికల యంత్రం అని ఒకటి వెబ్‌సైట్‌లో పెడతాయి. వరుసగా ప్రశ్నలు అడుగుతుంది, అవే ప్రశ్నలకు అభ్యర్థులు ముందే జవాబులు ఇచ్చి ఉంటారు. మన జవాబులు ఎవరితో ఎక్కువ కలిశాయో శాతాల్లో చూపిస్తుంది. ఫోన్లో అనువాదం పెట్టుకుని రాత్రి షిఫ్టు అయ్యాక కూర్చున్నాను. పల్లె బడులు మూసేయాలా, పన్ను పెంచాలా, తోడేళ్లను కాల్చనివ్వాలా, ఇలాంటివి. తోడేళ్ల దగ్గర ఆగిపోయాను. చిన్నప్పుడు మా పొలాల్లో అడవి పందుల బాధ తెలుసు గానీ తోడేలు గురించి నాకేం తెలుసు? అభిప్రాయం లేదని నొక్కాను.

దానికన్నా మనుషులతో మాట్లాడటమే ఎక్కువ పనికొచ్చింది. గాలిమరల సంగతి అలాగే తెలిసింది. పడమటి తీరంలో కుంతాలకు గాలిమరల మీద ఆస్తి పన్ను బాగా వస్తుంది. తూర్పున అవి కట్టాలంటే సైన్యం ఒప్పుకోవాలి, రాడార్‌కు అడ్డమని చాలాచోట్ల ఒప్పుకోదు. సరిహద్దు కాపలా దేశానికంతటికీ, నష్టం మాకు అని బస్సు డ్రైవరుగారి వాదన. నాకు న్యాయంగానే అనిపించింది. ఇంకో పెద్ద తలనొప్పి రోడ్లు. పల్లెల్లోకి పోయే దారుల్లో చాలావరకు ప్రైవేటువి. దారి వెంట ఇళ్లు, అడవి ఉన్నవాళ్లంతా కలిసి ఒక సంఘంగా ఏర్పడి మంచు తీయించుకోవాలి, గుంతలు పూడ్చుకోవాలి. కుంతా ఇష్టముంటే కొంత సాయం చేస్తుంది. దారి చివర ఒక్క ముసలాయనే మిగిలితే ఆ ఖర్చు ఎవరు భరించాలి? మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు జబ్బు చేసి రారు, ఇంటి దారిలో మంచు తీసే దిక్కు లేక వస్తారు. దీని గురించి సూటిగా మాట్లాడింది ఆ టీచరమ్మ ఒక్కతే. సాయం పెంచుతానని హామీ ఇవ్వలేదు. ఉన్న డబ్బును ఏ దారులకు ముందు ఇవ్వాలో మాత్రం చెప్పింది. నా కుంతా ఓటు ఆమెకే అని అక్కడే నిలబడి అనుకున్నాను. ఇచ్చిన కాఫీ చల్లగా ఉంది, అది వేరే విషయం.

సంక్షేమ కౌన్సిల్ ఓటుకు లెక్క వేరు. అక్కడ ప్రాంతం మొత్తానికీ కలిపి సీట్లు, జనమంతా యోఎన్సూ చుట్టూ ఉన్నారు. ఇలోమంత్సి వాళ్ల ఓట్లు చెదిరిపోతే మనవాళ్లు ఒక్కరూ గెలవరు, గెలవకపోతే ఇక్కడి హెల్త్ సెంటర్ గురించి మాట్లాడే దిక్కుండదు. కాబట్టి పార్టీ ఏదైనా ఊరి మనిషికే వేయమని చాలామంది చెప్పారు. ఇది వింటుంటే ఫిన్లాండ్‌లో ఉన్నానా మా మైలవరంలో ఉన్నానా అనిపించింది.

పోలింగ్ రోజు దాకా ఆగక్కర్లేదు. ఏప్రిల్ 2 నుంచి 8 వరకూ ముందస్తు ఓటింగ్. దేశంలో ఎక్కడి ముందస్తు కేంద్రానికైనా వెళ్లి వేయొచ్చు. కేర్ హోమ్‌లూ ఆసుపత్రులూ అయితే ఎన్నికల బృందం తామే వస్తుంది. మా దగ్గరికి వచ్చిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. పొద్దున్నుంచే హడావిడి. మామూలుగా నైటీలో ఉండే ఆవిడ జాకెట్ వేయమంది, బ్రోచ్ పెట్టమంది. ఒక పెద్దాయన గడ్డం రెండుసార్లు గీయించుకున్నాడు. భోజనాల గదిలో ఒక మూల తెర కట్టి, పెట్టె పెట్టారు. చెయ్యి వణికి రాయలేనివాళ్లకు సాయం చేయొచ్చు, కానీ అభ్యర్థిగా నిలబడినవాళ్లు చేయకూడదు. అందుకే మాతో పని చేసే ఆ అభ్యర్థి ఆ పూట భోజనాల గది వైపే రాలేదు, లాండ్రీలో బట్టలు మడతపెడుతూ కూర్చుంది. జ్ఞాపకశక్తి బాగా పోయినవాళ్ల సంగతేమిటని నాకు లోపల సందేహం. బృందంలోని ఆవిడ ప్రతి ఒక్కరి పక్కనా కూర్చుని, ఓటేస్తారా, ఎవరికో మీకు తెలుసా అని మెల్లిగా అడిగింది. చెప్పలేనివాళ్లను ఒత్తిడి చేయలేదు. అక్కడ ఉండేవాళ్లకే ఆ ఓటింగ్, మా సిబ్బందికి కాదు.

ఈ దేశంలో ఆడవాళ్లకు పార్లమెంటు ఓటు 1906లోనే వచ్చింది, యూరప్‌లో మొదట ఇక్కడే. కానీ ఊరి పాలనలో అందరికీ సమానమైన ఓటు 1917 దాకా లేదని మ్యూజియంలో చదివాను. 1865లో కుంతాను చర్చి పాలన నుంచి వేరు చేశారు గానీ, ఎక్కువ పన్ను కట్టే ఆసామికి ఎక్కువ ఓట్లు అన్న పద్ధతి కొనసాగింది. దేశానికి సభ్యులను ఎన్నుకోగలిగిన పాలేరు, తన ఊరి బడి గురించి మాత్రం నోరెత్తడానికి లేదు. బ్రోచ్ పెట్టుకుని వచ్చిన ఆవిడ అమ్మమ్మ ఆ కాలం మనిషే అయి ఉంటుంది.

నేను పోలింగ్ రోజే వేద్దామని ఆగాను. ముందే వేసేస్తే ఆ సరదా ఉండదు. ఏప్రిల్ 13 మట్టల ఆదివారం కూడా అయింది. ఆ రోజు ఇక్కడి పిల్లలు రంగురంగుల ఈకలు, కాగితాలు కట్టిన విల్లో కొమ్మలు పట్టుకుని ఇంటింటికీ వస్తారు. ఆర్థడాక్స్ కరేలియన్ల నుంచి వచ్చిన ఆచారం. తలుపు తీస్తే కొమ్మను మన మీద ఆడిస్తూ, ఏడాదంతా ఆరోగ్యంగా ఉండమని పాటలా చదువుతారు, కొమ్మ మన చేతిలో పెట్టి చాక్లెట్ గుడ్డు పట్టుకుపోతారు. పోలింగ్ కేంద్రానికి వెళ్లేలోపే నా దగ్గర గుప్పెడు కొమ్మలయ్యాయి. గుడ్లు అయిపోతే చివరి పిల్లాడికి అమ్మ పంపిన నువ్వుల ఉండ ఇచ్చాను. వాడు అనుమానంగానే తీసుకున్నాడు.

ఓటేయడానికి ఎంతోసేపు పట్టలేదు. పొద్దున 9 నుంచి రాత్రి 8 దాకా తెరిచి ఉంటుంది, క్యూ లేదు. పాస్‌పోర్టు చూపించాను. నోటీసు కాగితం తప్పనిసరి కాదు, ఫోటో ఉన్న గుర్తింపు ఉంటే చాలు. జాబితాలో గీత గీసి, రెండు ఎన్నికలకూ రెండు వేర్వేరు బ్యాలెట్లు ఇచ్చారు. చెక్క బూత్‌లో గోడకు అభ్యర్థుల జాబితాలు, తాడుకు కట్టిన పెన్సిల్. బ్యాలెట్ మీద పేర్లుండవు, గుర్తులుండవు. ఒక వృత్తం ఉంటుంది, అందులో మనకు కావాల్సిన అభ్యర్థి నంబరు రాయాలి. నాకు ఏడు అంకె దగ్గర అనుమానం వచ్చింది, మనం రాసే ఏడును వీళ్లు ఒకటి అనుకుంటారేమోనని. మధ్యలో అడ్డగీత పెట్టాను. మడిచి తెస్తే బయట ఆవిడ మడత మీద ముద్ర వేసింది, నేనే పెట్టెలో వేశాను. వేలికి సిరా లేదు. అదొక్కటే వెలితి, సెల్ఫీ తీసి ఇంటికి పంపడానికి వేలు చూపించలేం. నోటా కూడా లేదు. నచ్చనివాళ్లు బ్యాలెట్ మీద డోనాల్డ్ డక్ పేరు రాస్తారట, అది చెల్లని ఓటు కిందికి పోతుంది.

రాత్రి 8 గంటలకు పోలింగ్ ముగియగానే టీవీలో ముందస్తు ఓట్ల ఫలితాలు వచ్చేశాయి. ఎవరికి వ్యక్తిగతంగా ఎన్ని ఓట్లో పేరు పేరునా అందరికీ కనిపిస్తుంది. ఇంత చిన్న ఊళ్లో అది కాస్త క్రూరమే అనిపిస్తుంది నాకు. తన వీధిలో వాళ్లు కూడా తనకు వేయలేదని ఒక మనిషి సోమవారం పొద్దున్నే తెలుసుకుని, మంగళవారం వాళ్లకే దుకాణంలో బిల్లు కొట్టాలి. మా సహోద్యోగి గెలిచింది. బస్సు డ్రైవరుగారూ గెలిచాడు. టీచరమ్మ కొద్దిలో ఓడిపోయింది, కానీ ఇక్కడ ప్రతి పార్టీ జాబితాకూ డిప్యూటీలుంటారు. సభ్యులు ఎవరైనా రాలేకపోతే వరుసలో ముందున్న డిప్యూటీ వెళ్లి కూర్చుని ఓటేస్తుంది. ఆమె ఆ వరుసలో మొదట్లోనే ఉంది.

కొత్త కౌన్సిల్ పదవీకాలం జూన్ 1న మొదలైంది. ఎజెండాలు, మినిట్స్ అన్నీ వెబ్‌సైట్‌లో పెడతారు, ఎవరైనా చదువుకోవచ్చు. నా ఫిన్నిష్ అంతంతమాత్రం కాబట్టి డిక్షనరీ పక్కన పెట్టుకుని మెల్లగా చదువుతుంటాను. మొదట హాజరు పట్టీ చూస్తాను, ఎవరు రాలేదు, టీచరమ్మకు పిలుపొచ్చిందా అని. తర్వాత రోడ్ల సాయం పద్దు. హెల్సింకీ తమ్ముడు మొన్న ఫోన్ చేసి, "ఆ కాగితం పారేశానక్కా, మళ్లీ ఎప్పుడొస్తుంది?" అన్నాడు. 2029 ఏప్రిల్ అని చెప్పాను. ఈలోగా ఇల్లు మారితే వారం లోపు చిరునామా మార్చుకొమ్మన్నాను.